తళతళలాడే పాత కార్డు

ప్రశ్న: వాడిన ఆర్‌టీఎక్స్ 3080, 10 జీబీ గ్రాఫిక్స్ కార్డు కొందామనుకుంటున్నాను. గేములకే వాడానని అమ్మే ఆయన అంటున్నారు. ఫొటోల్లో కొత్తదానిలా తళతళలాడుతోంది. మైనింగ్‌కు, అంటే క్రిప్టో కరెన్సీ సంపాదించే లెక్కలు రాత్రింబవళ్లు చేయించడానికి, వాడినదైతే ముట్టుకోవద్దని మిత్రులు హెచ్చరిస్తున్నారు. ఆ సంగతి ఎలా తెలుసుకోవాలి?

జవాబు: కచ్చితంగా తెలుసుకునే దారి లేదు. కారుకు కిలోమీటర్ల మీటరు ఉంటుంది గాని గ్రాఫిక్స్ కార్డుకు ఉండదు. ఈ మోడల్ 2020 సెప్టెంబరులో వచ్చింది. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ అక్కర్లేని పద్ధతికి మారే దాకా దీనితో మైనింగ్ చేసినవారు కోకొల్లలు. ఆ తర్వాత ఆ కార్డులే అమ్మకానికి వచ్చాయి. కాబట్టి ఆయన మాటను నమ్మనూ వద్దు, దాని మీద వాదించనూ వద్దు. మైనింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేవి ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు (మెమరీ చిప్‌ల వేడిని కూలర్‌కు చేరవేసే మెత్తని పట్టీలు). రెండూ మార్చుకోదగినవే.

నన్ను భయపెట్టేది ఆ తళతళే. ఒకసారి నేనూ అలాంటి కార్డు కొన్నాను. డెస్క్‌టాప్ మీద ఐదు నిమిషాలు చూసి, బాగుందని డబ్బు ఇచ్చేశాను. పదకొండో రోజున తెర నిండా రంగు గళ్లు. విప్పి చూస్తే చిప్ చుట్టూ పసుపురంగు ఫ్లక్స్ జిగురు, అదే టంకం వేసేటప్పుడు పూసేది! అతుకులు వదిలేసిన చిప్‌ను వేడిగాలితో కాల్చి, నాలుగు రోజులు పనిచేసేలా చేసి అంటగట్టారన్నమాట. పైన పటారం, లోన లొటారం. అప్పటినుంచి కాస్త దుమ్ము పట్టిన కార్డంటేనే నాకు నమ్మకం.

టార్చిలైటు తీసుకెళ్లండి. కార్డు పక్కనుంచి లోపలికి వెలుగు వేసి, ఆ జిగురు కనిపిస్తుందేమో చూడండి. ప్యాడ్ల నుంచి కారిన నూనె మరక ఉంటే కంగారు పడకండి, అది వేరు. స్లాట్‌లో దిగే బంగారురంగు అంచు చివర, కొక్కెంలాంటి మూల దగ్గర బోర్డు పగిలిందేమో మరీ జాగ్రత్తగా చూడండి. బరువైన కార్డును కంప్యూటర్‌లోనే ఉంచి రవాణా చేస్తే అక్కడే చీలుతుంది. పగులు ఉంటే తిరిగి వచ్చేయండి, బేరం కూడా వద్దు.

తర్వాత దాన్ని కంప్యూటర్‌లో నడిపించి చూపమనండి. కార్డు వివరాలు చూపే జీపీయూ-జడ్ అనే ప్రోగ్రాంలో కోర్లు 8704 ఉండాలి. బరువైన గేము ఏదైనా అరగంట ఆడుతూ హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాంలో మూడు ఉష్ణోగ్రతలు గమనించండి. చిప్ ఉష్ణోగ్రతకూ హాట్‌స్పాట్‌కూ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) తేడా పది, పదిహేను డిగ్రీలుంటే మామూలే. ముప్ఫై దాటితే చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్ట్ ఎండిపోయిందనో, కూలర్‌ను సరిగ్గా బిగించలేదనో అనుమానించాలి. మూడోది మెమరీ ఉష్ణోగ్రత. ఈ కార్డులోని జీడీడీఆర్6ఎక్స్ మెమరీ పుట్టుకతోనే వేడి సరుకు, తొంభైల్లో ఉన్నా భయం లేదు. 110 చేరితే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అంటే ప్యాడ్ల పని అయిపోయినట్టే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. ఆడుతుండగా చుక్కలు, గళ్లు, మెరుపులు ఒక్కసారి కనిపించినా సరే, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తప్పు అని చెప్పే కథ వినకండి.

పని లేనప్పుడు ఫ్యాన్లు ఆగిపోతే అది లోపం కాదు, చాలా కార్డుల తీరే అంత. తిరిగేటప్పుడు గరగరమంటున్నాయా అన్నదే వినాలి. కేబుల్ మార్చి మార్చి అన్ని డిస్‌ప్లే పోర్టులూ పరీక్షించండి. విసుగు పని, కానీ తప్పదు.

మీ ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) ఎన్ని వాట్లదో రాయలేదు. ఈ కార్డు ఒక్కటే 320 వాట్లు లాగుతుంది, ఎన్విడియా సూచించేది 750 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్. మీది చాలకపోతే ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోతుంది. అప్పుడు మీరు పాపం ఆ అమ్మిన ఆయనను తిట్టుకుంటూ నాకు ఇంకో ఉత్తరం రాస్తారు.