అంగారకుడి హెమటైట్ (ఇనుప ఆక్సైడ్ ఖనిజం) పరారుణ వర్ణపటం, ల్యాబ్‌లో కేబీఆర్ బిళ్లతో (నమూనాను పొటాషియం బ్రోమైడ్ పొడిలో కలిపి నొక్కిన బిళ్ల) తీసిన వర్ణపటం ఎందుకు కలవవు?

మొదటి కారణం బిళ్లే. పొటాషియం బ్రోమైడ్ సుమారు 400 సెం.మీ⁻¹ (తరంగ సంఖ్య, అంటే ఒక సెంటీమీటరులో పట్టే తరంగాలు) కింద కాంతిని మింగేస్తుంది. అంగారకుడి చుట్టూ తిరిగిన మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌకలోని టెస్ (ఉష్ణ ఉద్గార వర్ణపటమాపి) పరికరం, ఆ గ్రహంపై మెరిడియానీ మైదానంలో హెమటైట్‌ను పట్టింది 300, 450, 525 సెం.మీ⁻¹ దగ్గరి పట్టీలతో (ఖనిజం కాంతిని మింగే చోట్లు). అందులో 300 దగ్గరి పట్టీ మీ బిళ్లలో కనిపించే అవకాశమే లేదు. సీజియం అయోడైడ్ బిళ్ల వాడండి, ఇది 200 దాకా పనికొస్తుంది.

రెండోది రేణువు పరిమాణం. బిళ్ల కోసం మెత్తగా నూరుతాం. టెస్ చూసింది మాత్రం ముతక, బూడిదరంగు స్ఫటికాలను. 2004లో ఆపర్చునిటీ రోవర్ అక్కడే దిగి కొద్ది మిల్లీమీటర్ల గుండ్రటి గుళికలను చూపింది. పైగా ఆ వర్ణపటంలో 390 దగ్గరి పట్టీ లేదు: స్ఫటికాల ఒకే రకం ముఖాల నుంచి ఉష్ణం వెలువడితే అది కనబడదు. ఇది నిజంగా అందమైన ఆధారం. కాబట్టి పోల్చాల్సింది బిళ్ల గుండా వచ్చిన కాంతితో కాదు, ముతక నమూనాను వేడిచేసి తీసిన ఉద్గార వర్ణపటంతో.

మధ్యలో 667 చుట్టూ అంగారక వాతావరణపు కార్బన్ డయాక్సైడ్ అడ్డొస్తుంది; ఆ భాగాన్ని పోలికలోంచి తీసేయాలి.

మీ బిళ్లలో 3400, 1630 దగ్గర పట్టీలు వస్తే వెంటనే గోథైట్ (హైడ్రాక్సిల్ ఉన్న మరో ఇనుప ఖనిజం) అనుకోవద్దు. తడి పీల్చిన కేబీఆర్ కూడా అవే ఇస్తుంది. పొడిని 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్లీ తీయండి. గోథైట్ అయితే 800, 890 దగ్గర జంట పట్టీలు ఉండాలి.