ఆఫీసులో ముద్దుపేరు చెప్పొచ్చా?

విదేశాల్లో ఉద్యోగానికి కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడిగే సందేహం ఇది: నా పేరు పొడుగు, ఇక్కడివాళ్లకు నోరు తిరగడం లేదు, ఇంట్లో పిలిచే పేరు చెప్పేయనా? చెప్పొచ్చు. ముందు అది వాళ్ల చెవికి ఎలా వినిపిస్తుందో కనుక్కోండి. స్వీటీ మనకు ముద్దే. ఇంగ్లిష్‌లో ఆడవాళ్లను చులకనగా పిలవడానికీ అదే వాడతారు, ఆ పేరు పలకడానికే సహోద్యోగులు ఇబ్బంది పడతారు. చింకీ అయితే అసలు వద్దు, అది చైనావాళ్లను కించపరిచే మాట. నాని అంటే హిందీవాళ్లకు అమ్మమ్మ, ఇటలీవాళ్లకు మరుగుజ్జులు. అలాంటివి నవ్వి వదిలేసేవే, పేరు మార్చుకోనక్కర్లేదు.

ఆలస్యం మాత్రం చేయకండి. మీరు చెప్పకపోతే వాళ్లే ఏదో ఒకటి తగిలిస్తారు. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ క్రికెట్ జట్టుకు ఆడినప్పుడు పుజారాను, పేరు పలకడం రాక, 'స్టీవ్' అన్నారు. ఆ జట్టు మాజీ ఆటగాడు అజీమ్ రఫీక్ బయటపెట్టిన జాతివివక్ష వ్యవహారంలో ఇదీ చర్చకొచ్చింది, 2021లో ఆ వ్యవహారం బ్రిటన్ పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. చాలా కంపెనీల ఫారాల్లో 'ప్రిఫర్డ్ నేమ్' (మిమ్మల్ని పిలవాల్సిన పేరు) అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకండి. అసలు పేరులోంచే రెండు మూడక్షరాలు తీసుకుంటే మేలు.

నాకు అసలు టెన్షన్ మనం పిలిచే పేర్లతోనే. 'ఒరేయ్ నల్లోడా', 'ఏరా బండోడా' అని లిఫ్ట్‌లో స్నేహితుణ్ణి పిలుస్తాం. పక్కనున్నవాళ్లు అర్థమేంటని అడిగితే ఏం చెబుతారు? ఉరుగ్వే ఫుట్‌బాలర్ కవానీ 2020లో ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక మిత్రుడికి 'గ్రాసియాస్ నెగ్రితో' (థాంక్స్ నల్లోడా) అని రాశాడు. వాళ్ల స్పానిష్‌లో అది ఆప్యాయంగా అనే మాట. అప్పుడు అతను ఆడుతున్న ఇంగ్లండ్‌లో మాత్రం 3 మ్యాచ్‌ల నిషేధం, లక్ష పౌండ్ల జరిమానా పడ్డాయి. అదే ఏడాది వెస్టిండీస్ క్రికెటర్ డారెన్ సామీ, ఐపీఎల్‌లో తనను 'కాలూ' అన్నప్పుడు బలమైన గుర్రమని అర్థం అనుకున్నానని చెప్పాడు. హిందీలో అది 'నల్లోడు' అని తెలిశాక ఆయన ఎంత బాధపడ్డాడో చూడండి. అన్నవాళ్ల మనసులో ప్రేమే ఉండొచ్చు, విన్నవాడికి మాత్రం అది వెక్కిరింపే. రంగు, లావు, ఎత్తు మీద పెట్టిన పేర్లు ఆఫీసు గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి. తెలుగులోనే అంటున్నాం కదా అని ధీమా పడొద్దు.

ఇంకొకటి. ఎవరైనా రాండీ అనో డిక్ అనో పరిచయం చేసుకుంటే ఆ మాటలకున్న బూతు అర్థం గుర్తొచ్చి పక్కనున్న తెలుగువాళ్ల వంక చూసి ముసిముసిగా నవ్వకండి. రాండాల్ఫ్, రిచర్డ్‌లకు అవి పాతకాలం నుంచీ ఉన్న పొట్టి పేర్లు. మీ నవ్వు ఆయన కంటపడుతుంది.