మురుకుల వ్యాపారానికి డేటాబేస్ గీసే ముందు

నాయనా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన టేబుళ్ల లిస్టు చూశాను. కస్టమర్, ప్రాడక్ట్, ఆర్డర్, స్టాక్, పేమెంట్ అని వరసగా రాసి, ఒక్కో కాలమ్‌కు డేటా టైపు, అంటే అందులో అంకె రాయాలా, అక్షరాలా అన్నది కూడా పెట్టేశావు. కష్టపడ్డావని తెలుస్తోంది. కానీ ఆ లిస్టు చెప్పుల కొట్టుకు ఇచ్చినా సరిపోతుంది, మందుల షాపుకు ఇచ్చినా సరిపోతుంది. మీ అమ్మ ఇన్నేళ్లుగా తిరుపతిలో ఇంట్లోంచే నడుపుతున్న మురుకులు, నిప్పట్ల వ్యాపారం అందులో నాకు ఎక్కడా కనబడలేదు. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి వదిలేస్తే నీ మనసుకెక్కదని కూర్చొని రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఆ ల్యాప్‌టాప్ మూసెయ్. మై ఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాడాలా, ఎక్సెల్ సరిపోతుందా అనే ప్రశ్న ఇప్పుడొద్దు. 1976లో పీటర్ చెన్ అనే ఆయన ఎంటిటీ-రిలేషన్‌షిప్ పద్ధతిని పెట్టాడు, నువ్వు కాలేజీలో ఈఆర్ డయాగ్రమ్ అని గీసి మార్కులు తెచ్చుకున్నావే, అదే. వ్యాపారంలో ఉన్న వస్తువులు, మనుషులు, పనులు ఒక్కో పెట్టెలో, వాటి మధ్య సంబంధాలు డైమండ్ గుర్తుల్లో. అంతే. అందులో వార్‌చార్, ఇంటిజర్ లాంటి డేటా టైపులేవీ ఉండవు. కాన్సెప్చువల్ డిజైన్ అంటే మీ అమ్మ చదివి "అవును, మనది ఇట్లే జరుగుతుంది" అనగలిగిన కాగితం, ఆమెకు అర్థం కాని బొమ్మ గీశావంటే అది ఎంత అందంగా ఉన్నా నీకే పనికిరాదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటావు కదా. మీ అమ్మ రాసుకునే పొడుగు నోటుబుక్కు తియ్. అందులో ఒక్క లైను చాలు మొదటి రోజుకి. పోయినసారి మీ ఇంటికి వచ్చినప్పుడు నేను చూసిన లైను ఇట్లా ఉంది: "16. బ్యాంకు మేడం. మురు 3, నిప్ప 2, కజ్జి 50. అడ్వా 500. శని పొద్దున. పచ్చ డబ్బా."

దీన్ని ముక్క ముక్కగా విడదీసి చూడు. 16 అనేది ఆర్డర్ చెప్పిన తేదీ, శనివారం అనేది సరుకు ఇచ్చే రోజు. నీ లిస్టులో ఆర్డర్‌కు ఒక్క తేదీయే ఉంది. "మురు 3" అంటే మూడు కిలోలు, "కజ్జి 50" అంటే యాభై కాయలు, అంటే ఏ రకాన్ని దేంతో కొలుస్తామన్నది ఆ రకాన్ని బట్టి ఉంటుంది. క్వాంటిటీ అని ఒక నంబరు పెట్టి ఊరుకుంటే ఎవరో ఒకరోజు యాభై కిలోల కజ్జికాయలకు బిల్లు వేస్తారు. ఐదువందల అడ్వాన్స్ వచ్చింది గానీ అప్పటికి బిల్లే లేదు, కాబట్టి డబ్బు రావడానికి బిల్లు ఉండి తీరాలని నువ్వు గీత గీస్తే ఈ ఐదువందలకు చోటుండదు. ఇంక ఆ లైనులో రేటే లేదు చూశావా. నేను అడిగితే మీ అమ్మ "మేడంకి పాత రేటే ఇస్తా, మొదట్నుంచీ మన దగ్గరే తీసుకుంటుంది" అంది. ఇది చాలా పెద్ద విషయం. రేటు రకానికి మాత్రమే సంబంధించినది కాదు, ఆ మనిషికీ ఆ ఆర్డర్‌కీ కూడా సంబంధించింది. అందుకని రకం దగ్గర ఉండేది ఈరోజు చెప్పే రేటు, ఆర్డర్‌లోని ప్రతి లైను దగ్గర ఉండేది ఆరోజు ఒప్పుకున్న రేటు, ఈ రెండూ వేరువేరుగా ఉండాలి. లేకపోతే నూనె ధర పెరిగి నువ్వు రకం దగ్గర రేటు మార్చిన మరుక్షణం ఆర్నెల్ల కిందటి బిల్లులన్నీ మారిపోయి కూర్చుంటాయి.

పచ్చ డబ్బా సంగతి. అది మీ అమ్మ స్టీలు డబ్బా, మూతకు పచ్చ రంగు పూసి ఉంటుంది, సరుకుతో పాటు వెళ్లి మళ్లీ తిరిగి రావాలి. మార్కెట్లో దొరికే మామూలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో డబ్బాకు పెట్టె ఉండదు, మీ ఇంట్లో మాత్రం డబ్బా రాకపోతే నాలుగు రోజులు అదే మాట. కాబట్టి డబ్బా ఒక ఎంటిటీ, అంటే బొమ్మలో దానికీ ఒక పెట్టె. ఏ డబ్బా, ఏ ఆర్డర్‌తో పోయింది, ఎప్పుడు తిరిగొచ్చింది. ఒక్క లైనులోంచి ఇన్ని వచ్చాయి, ఇట్లాంటివి ఒక నెలవి వేరువేరు రకాల లైన్లు ఏరుకో, సగం బొమ్మ నోటుబుక్కే గీసిస్తుంది.

బ్యాంకు మేడం అన్న పేరు గురించి కూడా చెప్పాలి. నువ్వు ఫోన్ నంబర్‌నే ప్రైమరీ కీ, అంటే ఒక్కో మనిషిని గుర్తుపట్టే గుర్తు చేశావు. మన వీధిలో ఒకే నంబర్ మీద అత్తా కోడళ్లిద్దరూ ఆర్డర్ చెబుతారు, బాకీ మాత్రం ఎవరిది వాళ్లదే. కొందరు ఏడాదికోసారి నంబర్ మారుస్తారు. మనిషికి నువ్వే ఒక నంబర్ ఇచ్చుకో, ఫోన్ అనేది ఆ మనిషి గురించి తెలిసిన ఒక సంగతి మాత్రమే, ఒకరికి రెండు ఉండొచ్చు, అసలు లేకపోనూ వచ్చు. గుమ్మం దగ్గరికి వచ్చి పావుకిలో కొనుక్కుపోయేవాళ్ల పేరు, నంబరు అడగొద్దు, అమ్మకానికి కస్టమర్ తప్పనిసరి కాదని బొమ్మలోనే రాసుకో.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వస్తున్నా. మురుకులు అంటే ఏమిటి? నవ్వకు, నిజంగా అడుగుతున్నా. "మన మురుకులు బాగుంటాయి" అన్నప్పుడు అది రకం. "మంగళవారం చేసిన మురుకులు కాస్త మెత్తబడ్డాయి" అన్నప్పుడు అది ఆరోజు తయారీ. "మురుకులు నాలుగు ఇచ్చి రా" అన్నప్పుడు నాలుగు పావుకిలో ప్యాకెట్లు. మూడూ మూడు వేరువేరు పెట్టెలు. నీ బొమ్మలో ప్రాడక్ట్ అనే ఒకే పెట్టెలో ఈ మూడూ ఇరుక్కుపోయాయి, రేపు నీకు వచ్చే తలనొప్పి అంతా అక్కడి నుంచే వస్తుంది. ప్యాకెట్ మీద తయారీ తేదీ, ఎప్పటిలోపు తినాలన్న తేదీ, బ్యాచ్ నంబరు వేయాలి కదా, అవి తయారీకి సంబంధించినవి, రకానికి కాదు. ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లిచ్చే 14 అంకెల నంబరు వ్యాపారానికి ఒక్కటే, దాన్ని ప్రతి రకం దగ్గరా మళ్లీ మళ్లీ రాయొద్దు.

తయారీ అంటే ఎంత? ఒక్కో వాయికీ ఒక్కో బ్యాచ్ అంటే కాగే నూనె ముందు నిలబడి ఎవరూ రాయలేరు, అది జరిగే పని కాదు. ఒక రోజు, ఒక రకం, ఒక నూనె. ఈ మూడూ ఒకటైతే ఒక బ్యాచ్ అనుకో. మధ్యాహ్నం బాణలిలో నూనె మార్చితే అక్కడి నుంచి రెండో బ్యాచ్. నూనెను ఎందుకు లాగుతున్నానంటే, మళ్లీ మళ్లీ కాచిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు, అంటే కాచేకొద్దీ నూనె చెడి పుట్టే పదార్థాలు 25 శాతం దాటకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది, అదొకటి. రెండోది, ఎవరో ఫోన్ చేసి "ప్యాకెట్ విప్పితే నూనె వాసన కొడుతోంది" అన్నారనుకో, ఆ ప్యాకెట్ ఏ రోజుది, ఏ టిన్ను నూనె, అదే తయారీలోవి ఇంకా ఏ కొట్లలో ఉన్నాయి అని నిమిషంలో తెలియాలి. తినేదాన్ని అమ్మే వాళ్లం, చిన్నపిల్లలు తింటారు. మిగిలిన బొమ్మలో ఎక్కడ రాజీ పడినా నేనేమీ అనను, ఇక్కడ మాత్రం వద్దు.

సరుకుల వైపు చూద్దాం. బియ్యం మరకు పోయి పిండై వస్తుంది, ఆ పిండి కొంత మురుకులకు, కొంత నిప్పట్లకు పోతుంది. కాబట్టి పిండి మనం కొనేది కాదు, అమ్మేది కాదు, మధ్యలో తయారయ్యేది. కజ్జికాయల్లో పెట్టే బెల్లం, కొబ్బరి, పప్పుల పొడి కూడా అంతే. ఒక వస్తువు ఇంకొన్ని వస్తువులతో తయారవుతుంది, అవి మళ్లీ ఇంకొన్నిటితో. అందుకని ముడిసరుకు ఒక పెట్టె, అమ్మే రకం ఒక పెట్టె అని గోడ కట్టకుండా, వస్తువు అని ఒకే పెట్టె పెట్టి దాని నుంచి దానికే "దీంతో తయారవుతుంది" అని గీత గీయి. కొలతల దగ్గర ఇంకో చిక్కుంది. మీ అమ్మ పడితో కొలుస్తుంది, మండీలో కిలోల్లో ఇస్తారు, పడి బియ్యం తూగినంత పడి మినప్పప్పు తూగదు. నూనె టిన్ను 15 కిలోలని కొంటాం, వాడేది లీటర్లలో, వేరుశెనగ నూనె లీటరు సుమారు 910 గ్రాములే. అంటే పడికి ఇన్ని గ్రాములు అని ఒకచోట రాసేస్తే కుదరదు, ఏ వస్తువు పడి అన్నది చూసి రాయాలి. ఆ మార్పిడి లెక్క వస్తువుకూ కొలతకూ మధ్య ఉన్న సంబంధం మీద కూర్చుంటుంది.

చిత్తూరు బెల్లం ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకు కొన్నారు అన్నవి మామూలువే, నువ్వే చేసుకోగలవు.

లీలామహల్ సర్కిల్ వైపు కిరాణా కొట్లకు వేసే సరుకును మాత్రం అమ్మకం అనుకోవద్దు. వాళ్లు ఇరవై ప్యాకెట్లు తీసుకుంటారు, వారం తర్వాత అమ్ముడుపోయినవాటికే డబ్బిస్తారు, మిగిలినవి వెనక్కి ఇస్తారు. వేసిన రోజున అమ్మకం రాస్తే బాకీ తప్పు, తయారీ లెక్క తప్పు, లాభం తప్పు. వేయడం ఒకటి, వెనక్కి రావడం ఒకటి, లెక్క తేల్చడం ఒకటి. డబ్బు కూడా అట్లే, ఒకసారి ఫోన్‌పేలో రెండువేలు వస్తే అందులో పాత బాకీ కొంత, కొత్త ఆర్డర్‌కు కొంత పోతుంది, ఒక బాకీ మూడుసార్లుగా తీరుతుంది. చాలావాటికి చాలా అన్నమాట. మధ్యలో "ఎంత దేనికి జమ" అనే పెట్టె లేకుండా ఇది తేలదు. ఇక బాకీ ఎంత, స్టాక్ ఎంత అన్నవాటికి పెట్టెలు వద్దు, అవి మిగతావాటిని కూడి తీసేస్తే వచ్చే అంకెలు.

పన్ను రేటును కూడా రకం దగ్గర ఒక అంకెగా పెట్టొద్దు. మీ అమ్మకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఇంకా లేదు సరే, రేపు రావచ్చు. ప్యాకెట్లలో అమ్మే నమ్కీన్ల మీద, అంటే మన మురుకుల్లాంటి కారపు చిరుతిళ్ల మీద 12 శాతం ఉన్నది 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 అయింది. రేటు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అని తేదీలతో ఉండాలి.

మన ఊరికి మాత్రమే ఉన్న సంగతి ఇంకొకటి. మీ అమ్మ అడిగే మొదటి ప్రశ్న "పోయిన బ్రహ్మోత్సవాలకు ఎంత చేశాం?" అని. తేదీ పెట్టి వెతికితే జవాబు దొరకదు, తిథులు వచ్చే తేదీలు ఏటా మారిపోతాయి. 2023లో అధికమాసం వచ్చి సెప్టెంబర్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి, రెండు బ్రహ్మోత్సవాలు జరిగాయి. వైకుంఠ ఏకాదశి, మే నెలలో గంగమ్మ జాతర, తమిళుల పెరటాసి నెల శనివారాలు, ఏటేటా వాటి తేదీలు వేరు. అందుకని సందర్భం అని ఒక పెట్టె పెట్టు, పేరు, ఆ ఏడు మొదలైన రోజు, ముగిసిన రోజు. ఏడాదికోసారి పంచాంగం చూసి నింపితే చాలు, దాన్నిబట్టి ఏ సందర్భానికి ఎంత బియ్యం మరకు పంపాలో ముందే తెలుస్తుంది. మీ అమ్మకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఉపయోగపడేది ఇదేనని నా నమ్మకం.

బొమ్మ గీశాక దాన్ని ఆమెకు చూపించి "బాగుందా" అని అడగొద్దు, బాగుంది నాయనా అంటుంది, కొడుకువి కదా. ప్రతి గీతనూ మామూలు వాక్యంగా చదివి వినిపించు. "ఒక ఆర్డర్ మొత్తం ఒకేసారి ఇచ్చేస్తాం" అని చదువు. "యాడ? పెళ్లివాళ్లకి రెండుసార్లుగా ఇవ్వలేదా" అంటుంది, అక్కడే ఒక గీత మారింది. ఒప్పుకున్నదాన్ని కూడా వదలకుండా "ఎప్పుడైనా అట్ల కాకుండా జరిగిందా?" అని ఇంకోసారి అడుగు. పిండి వంటకు సాయానికి వచ్చే ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టుకో, కిలోకి ఇంత అని కూలి తీసుకునేది వాళ్లు, ఏ రోజు ఎవరు ఎంత చుట్టారో వాళ్లకు గుర్తున్నంత ఎవరికీ ఉండదు, ఆ లెక్క తయారీ పెట్టెకే వేలాడాలి.

మొదటి విడతలో ఆర్డర్లు, తయారీ, కొట్ల లెక్క, బాకీలు, సందర్భాలు. ఇంతే చెయ్యి. ఆన్‌లైన్ ఆర్డర్ యాప్, పాయింట్లు, డిస్కౌంట్ కూపన్లు అని నువ్వు చివర్లో రాసినవి ఇప్పుడు వద్దు, అవి ఎవరూ అడగలేదు. కాగితం పెద్దది తీసుకో, పెన్సిల్‌తోనే గీయి, డబ్బా సొట్టపడినా పోయినా డబ్బులు ఎవరు కట్టాలో అమ్మను అడిగి అది కూడా రాసుకో. ఆదివారం మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉంటా, నోటుబుక్కు కూడా పట్టుకొని రా, ఇద్దరం కలిసి లైను లైనుగా సరిచూద్దాం.

మీ మేనత్త