ఎన్నారై సందేహాలు: డిస్కౌంట్ స్టోర్‌లో గంటల లెక్క

హన్మకొండ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, జనవరిలో ఎమ్మెస్సీకి యూకే వస్తున్న. డిస్కౌంట్ స్టోర్లల్ల పార్ట్‌టైం దొరుకుతదంటున్నరు. పని కష్టమా? ఫీజు మందం వస్తదా?"

ఫీజు మందం రాదు తమ్ముడూ. ఇంట్లో బాపుకు కూడా ఆ ఆశ పెట్టకు. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, పీజీ చదివేవాళ్లు టర్మ్ (సెలవులు కాని చదువు కాలం) నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలే చెయ్యాలి. 21 నిండినవాళ్లకు కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో గంటకు 12.21 పౌండ్లు చేశారు. ఏటా ఏప్రిల్‌లో మారుతుంది. ఆ లెక్కన వారానికి 244 పౌండ్లు. గది కిరాయికి, బియ్యానికి, బస్సుకు అవే సరిపోతాయి.

పని కష్టమే. తక్కువ ధరకు అమ్మాలంటే తక్కువ మందితో నడపాలి కదా. చౌరస్తాలో బట్టల షాపుకు పోతే ఒకరు చీర చూపిస్తారు, ఒకరు మడత పెడతారు, ఇంకొకరు బిల్లు కొడతారు. ఇక్కడ ఆ ముగ్గురూ నువ్వే. టిల్ (బిల్లు కౌంటర్) మీద కూర్చుంటావు, లైను తగ్గగానే లేచి ప్యాలెట్ (చెక్క పలక మీద పేర్చి వచ్చిన సరుకు) విప్పుతావు, ఇంతలో ఎవరో పాల సీసా పడేస్తే మాప్ పట్టుకుంటావు. బరువు ఎత్తేటప్పుడు నడుం కాదు, మోకాళ్లు వంచు. నేను వినలేదు, ఇప్పటికీ చలికాలం నడుం గుర్తు చేస్తుంది.

నన్ను ముంచింది మాత్రం బరువులు కాదు, నిమిషాలు. నా మొదటి స్టోర్‌లో షిఫ్టుకు పావుగంట ముందే రమ్మనేవాళ్లు. మూసేశాక ఊడ్చి, బ్యాగు చెకింగ్ అయ్యేసరికి ఇంకో పావుగంట. ఆ అరగంటకు పైసా లేదు. వారానికి ఐదు షిఫ్టులంటే రెండున్నర గంటలు, ఆ 12.21 రేటుతో 30 పౌండ్లు. "కొత్తగా వచ్చినం, ఏమంటాంలే" అని ఏడాది ఊరుకున్నాను. డబ్బు పోతే పోయింది, దీంట్లో వీసా మెలిక కూడా ఉంది. జీతం ఇవ్వని పని కూడా ఆ 20 గంటల్లోకే వస్తుంది. రోస్టర్‌లో 20 ఉండి పైన ఈ రెండున్నర చేస్తే నియమం తప్పినట్టే. రెండు చోట్ల చేస్తే రెండూ కలుపుకోవాలి. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. ఒక వారం 15 చేశా, వచ్చే వారం 25 చేస్తా అంటే కుదరదు.

కాబట్టి ఎన్నింటికి లోపలికి వెళ్లావో, ఎన్నింటికి బయటికి వచ్చావో ఫోన్‌లో రోజూ రాసుకో. ఎనుమాముల మార్కెట్లో కాంటా అయ్యాక తక్ పట్టీ (తూకం, డబ్బు లెక్క రాసిన చీటీ) చేతికి రానిదే మా బాపు యార్డు దాటేవాడు కాదు. ఇక్కడ నీ తక్ పట్టీ పేస్లిప్. గంటల జీతమైతే ఎన్ని గంటలో అందులో చూపించాలి, అది చట్టం. నీ లెక్కతో తేడా వస్తే ముందు మేనేజర్‌ను మెత్తగా అడుగు. వినకపోతే ఏకాస్ అనే సంస్థ ఉంది, ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

"క్యాష్ ఇస్తా, 30 గంటలు చెయ్యి" అని మనోళ్లే కొందరు పిలుస్తారు. పోవద్దు. కనీస వేతనం ఇవ్వరు, అడగడానికి నీ దగ్గర కాగితం ఉండదు, దొరికితే పోయేది నీ వీసా.

ఇంకొన్ని. ఆరు గంటలు దాటిన షిఫ్టులో 20 నిమిషాల బ్రేక్ నీ హక్కు. టిల్‌లో డబ్బు తగ్గిందని కోత పెడితే, ఉద్యోగంలో ఉన్నంతకాలం అది ఆ జీతంలో 10 శాతం దాటకూడదు, అదీ ముందే రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటేనే. మాస్టర్స్ వాళ్లు ఎక్కువమంది బోల్తా పడేది ఎండాకాలంలో. క్లాసులు లేవు కదా అని ఫుల్‌టైం చేస్తారు. డిసర్టేషన్ (చివరి పరిశోధన వ్యాసం) రాసే కాలం కూడా టర్మ్ కిందే లెక్క, యూనివర్సిటీ ఇచ్చిన తేదీలు చూసుకో.

పార్ట్‌టైం వాళ్లకూ జీతంతో సెలవులు ఉంటాయి, ఏడాదికి 5.6 వారాలు. డిసెంబర్‌లో అడిగితే మాత్రం మొహం చిట్లిస్తారు. సద్దుల బతుకమ్మ రోజు కావాలంటే ఆగస్టులోనే రాసివ్వు.