ఏ భాషకు ఎక్కడ గిరాకీ ఉందో చూసుకుని నేర్చుకో

చిరంజీవికి ఆశీస్సులు.

వెబ్ ప్రోగ్రామింగ్‌లో ఏ భాష నేర్చుకుంటే త్వరగా ఉద్యోగం దొరుకుతుందని అడిగావు. పీహెచ్‌పీ, జావా, పైథాన్, రూబీ అంటూ నువ్వు రాసిన పేర్లన్నీ మంచివే కానీ, ఉద్యోగం ఏ నగరంలో చేయదలచుకున్నావో మాత్రం రాయలేదు. ప్రపంచమంతటికీ కలిపి వేసిన ర్యాంకుల్లో ముందున్న భాషకు నువ్వు ఉండబోయే చోట నాలుగు ఖాళీలు కూడా లేకపోవచ్చు. ఎవరూ గొప్పగా చెప్పుకోని భాషకు అక్కడే ఏడాది పొడవునా మనుషులు కావలసి ఉండవచ్చు.

ఒక భాషకు ఒక ప్రాంతంలో గిరాకీ ఉందంటే, దానితో కట్టిన వ్యవస్థలను నడుపుతున్న సంస్థలు అక్కడ ఇప్పటికే ఉన్నాయని అర్థం. బ్యాంకులు, బీమా సంస్థలు ఎక్కువగా ఉన్న నగరాల్లో జావా, సీ షార్ప్ తెలిసినవారిని అడుగుతారు. ఏళ్ల తరబడి కట్టుకున్న వ్యవస్థను కొత్త భాష వచ్చిందని ఎవరూ పారేయరు. చిన్న వ్యాపారాలకు సైట్లు తయారుచేసి ఇచ్చే సంస్థలున్న చోట పీహెచ్‌పీ నడుస్తుంది, ఎందుకంటే వెబ్‌సైట్లు తయారుచేసుకోవడానికి 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ ఆ భాషలోనే ఉంది, నేడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దానిమీదే నడుస్తున్నాయి. ఏది ఎక్కడ పుట్టి పెరిగిందన్నదీ చూడాలి. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ (సైటు కట్టడానికి ముందే సిద్ధం చేసిన చట్రం) సింఫనీ ఫ్రాన్స్‌లో పుట్టింది. రూబీ జపాన్‌లో పుట్టింది. రూబీకి అలాంటి చట్రమే అయిన రూబీ ఆన్ రైల్స్ మీద ఎదిగిన షాపిఫై, అంటే ఆన్‌లైన్ దుకాణాలు పెట్టుకోవడానికి వీలు కల్పించే సంస్థ, కెనడాలోని ఒట్టావాలో మొదలైంది. అలాంటి సంస్థ నుంచి బయటికి వచ్చినవారు సొంతంగా కంపెనీ పెట్టినా తమ చేతికి అలవాటైన భాషనే ఎంచుకుంటారు కనుక, గిరాకీ ఆ చుట్టుపక్కలే పెరుగుతూ పోతుంది.

రైల్స్ పేరు మారుమోగుతున్న రోజుల్లో నేను ఇదేదీ చూడకుండా ఎనిమిది నెలలు దానిమీదే కూర్చున్నాను. తీరా వెతికితే నేనున్న నగరంలో దాన్ని వాడేవి రెండే కంపెనీలు, ఆ రెండూ అయిదేళ్ల అనుభవం అడిగాయి. నేర్చుకున్నది వృథా కాలేదు కానీ, ఇల్లు గడవడానికి ఉద్యోగం కావలసిన సమయంలో ఆ ఎనిమిది నెలలు నాకు చాలా బరువయ్యాయి. నీకు ఆ కష్టం రాకూడదు.

అందుకని ఒక నోటుపుస్తకం తీసుకుని, నెల రోజుల పాటు నువ్వు వెళ్లదలచుకున్న నగరం ఉద్యోగ ప్రకటనలను రాసిపెట్టు. శీర్షిక చూసి లెక్క వేయకు. ‘పైథాన్ డెవలపర్ కావలెను’ అన్న ప్రకటన లోపలికి వెళితే, చాలాసార్లు అడిగేది డేటా విశ్లేషణో, టెస్టింగో అయి ఉంటుంది, వెబ్ పని ఒక్క ముక్క కూడా ఉండకపోవచ్చు. పైథాన్ అంకె పెద్దగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. ఒకే ఖాళీని నాలుగు కన్సల్టెన్సీలు వేర్వేరుగా ప్రకటిస్తాయి, కనుక వాక్యాలు పోల్చి చూసి ఒకటిగానే రాసుకో. తప్పనిసరి అన్న నైపుణ్యాన్ని, ఉంటే మంచిదన్న నైపుణ్యాన్ని వేర్వేరు గళ్లలో పెట్టు. అన్నిటికంటే ముఖ్యంగా, రెండేళ్ల లోపు అనుభవం చాలునన్న ప్రకటనలను విడిగా లెక్కపెట్టు, నీకు పనికొచ్చే అంకె అదొక్కటే. వీలైతే ఎందరు దరఖాస్తు చేశారో కూడా గమనించు; వెయ్యి మంది ఎగబడే యాభై ఖాళీలకంటే ముప్పై మంది అడిగే ఐదు ఖాళీలు నీకు నయం. ఇంటి నుంచి చేసే ఉద్యోగాలకు ప్రాంతం అడ్డు కాదు గానీ, పోటీకి కూడా హద్దు ఉండదు.

ఈ లెక్క పూర్తయ్యేదాకా ఖాళీగా ఉండకు. బ్రౌజర్ నేరుగా నడిపే భాష జావాస్క్రిప్టే కనుక అది దాదాపు ప్రతి వెబ్ ప్రకటనలోనూ ఏదో ఒక మూల కనిపిస్తుంది. దానితో పాటు, డేటాబేస్‌లోని సమాచారాన్ని అడిగి తెచ్చుకునే భాష ఎస్‌క్యూఎల్ కూడా మొదలుపెట్టు. నెల తిరిగాక ఆ నోటుపుస్తకం పేజీలు ఫోటోలు తీసి పంపు, రెండో భాష ఏదన్నది ఇద్దరం కూర్చుని తేలుద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న