తమ్ముడి కోసం స్పెషల్‌ ఎడ్యుకేషన్‌ చదవాలా?

ప్రశ్న: ఇంటర్‌ బైపీసీ పూర్తయింది. మాది జగిత్యాల జిల్లాలో ఓ పల్లె. నాన్న దుబాయ్‌లో పనిచేస్తారు. తమ్ముడికి 16 ఏళ్లు. మేధో వైకల్యం ఉంది, అప్పుడప్పుడు ఫిట్స్‌ వస్తాయి. తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. వాణ్ని వదిలి అమ్మ పెళ్లికీ పేరంటానికీ వెళ్లి ఏళ్లయింది. వాడికి నేర్పించడానికి, అమ్మకు ఆసరాగా ఉండటానికి స్పెషల్‌ ఎడ్యుకేషన్‌ చదువుదామనుకుంటున్నాను. చుట్టాలేమో ‘ఇంట్లో పడేది చాలదా, ఉద్యోగం కూడా అదేనా’ అంటున్నారు. ఈ కోర్సుకు భవిష్యత్తు ఉందా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. మీరేం చదవాలన్నది ఒకటి, అమ్మగారికి కాస్త ఊపిరి సలిపేదెలా అన్నది ఇంకొకటి. రెంటికీ ఒకే జవాబు వెతుకుతున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. ఇవాళ కోర్సులో చేరినా పూర్తయ్యేసరికి రెండేళ్లు పడుతుంది. అమ్మగారికి విశ్రాంతి కావాల్సింది ఈ నెలలో. పైగా మీరు హాస్టల్‌కి వెళ్తే, ఇప్పుడు మీరు చేసిపెడుతున్న పని కూడా ఆమె మీదే పడుతుంది. కాబట్టి ముందు ఆమె సంగతి చూద్దాం.

ఇలాంటి పిల్లల్ని కొన్ని గంటలో కొన్ని రోజులో తెలిసినవాళ్లు చూసుకుని, తల్లిదండ్రులకు విరామం ఇవ్వడాన్ని రెస్పైట్‌ కేర్‌ అంటారు. మేధో వైకల్యం లాంటివి ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ నేషనల్‌ ట్రస్ట్‌కు ఇందుకోసం ‘సమర్థ్‌-కమ్‌-ఘరౌందా’ పథకం ఉంది. పగటిపూట చూసుకునే ‘దిశ-కమ్‌-వికాస్‌’ కేంద్రాల పథకమూ ఉంది. అయితే ఇలాంటి కేంద్రం పల్లెలకు దగ్గర్లో దొరకడం కష్టం. జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి, కానీ ఆ జవాబు కోసం ఆగకండి. ఇంటి దగ్గరే మొదలుపెట్టొచ్చు.

మేనత్తో, పక్కింటి వదినో, తమ్ముడికి చనువున్న ఒక్కరిని ఎంచుకోండి. మొదటి వారం ఆమె వచ్చి అమ్మగారు ఇంట్లో ఉండగానే వాడితో గంటసేపు గడపాలి. తర్వాతి వారం అమ్మగారు పెరట్లోకి వెళ్లాలి. ఆ తర్వాత బజారుకు. ఇలా పెంచుకుంటూ పోతే ఒక పూట విరామం దొరుకుతుంది. ఆ వచ్చే మనిషి కోసం ఒక కాగితం రాసి గోడకు అంటించండి: ఏం తింటాడు, ఏది గొంతులో అడ్డం పడుతుంది, బాత్‌రూమ్‌కు వెళ్లాలంటే ఎలా సైగ చేస్తాడు, కుక్కర్‌ విజిల్‌కు భయపడతాడా, మందు ఏ వేళకు. ఫిట్స్‌ వస్తే ఏం చేయాలో ఎర్ర పెన్నుతో రాయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా పట్టుకోకూడదు, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్‌ చేయాలి. చేతిలో తాళాలు పెట్టడం వల్ల లాభం లేదని కూడా రాయండి, మన ఊళ్లలో ముందు చేసేది అదే మరి.

ఎప్పుడైనా కేంద్రంలో ఉంచాల్సి వస్తే మాత్రం చెప్పకుండా ఒకసారి వెళ్లి చూడండి. రాత్రిళ్లు ఎవరు ఉంటారో, స్నానం ఎవరు చేయిస్తారో సూటిగా అడగండి. జవాబు నసిగితే అక్కడ వదలొద్దు.

అమ్మగారు ఒప్పుకోకపోవచ్చు. బిడ్డను వదిలి తిరుగుతోందని ఎవరైనా అంటారేమోనన్న భయం చాలామంది తల్లుల్లో చూస్తుంటాను. నాన్నగారితో ఫోన్‌లో ఆమెకు చెప్పించండి. దూరాన ఉన్నా ఆయన చేయగలిగిన సాయం ఇది.

తమ్ముడి చదువు అయిపోయిందనుకోకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్లు వచ్చేవరకు దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న స్పెషల్‌ స్కూల్లో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం మీ మండలంలో ఎక్కడుందో కనుక్కుని వెళ్లండి. బడికి రాలేని పిల్లలకు ఇంటికొచ్చి నేర్పే ఏర్పాటు ప్రభుత్వ బడి చదువుల పథకమైన సమగ్ర శిక్షలో ఉంది, అదీ అడగండి. ఈ వయసులో ఎక్కాల కంటే సొంత పనులు ముఖ్యమని నా గట్టి నమ్మకం. సబ్బు కొనుక్కురావడం మనకు ఒకే పని. స్పెషల్‌ టీచర్‌ దాన్ని విడదీస్తారు: చెప్పులు వేసుకోవడం, డబ్బు జేబులో పెట్టుకోవడం, కొట్టు ముందు ఆగడం, ఖాళీ సబ్బు కవరు చూపించడం, నోటు ఇవ్వడం, చిల్లర తీసుకోవడం, ఇంటికొచ్చి సబ్బు అమ్మ చేతిలో పెట్టడం. ఇందులో ముందుగా చివరిది నేర్పుతారు. మిగతావన్నీ మీరు చేస్తారు, సబ్బు అమ్మకివ్వడం మాత్రం వాడి వంతు. అది బాగా వచ్చాక దాని ముందుది వాడికి వదులుతారు. పని ముగించిన సంతోషం, అమ్మ మెచ్చుకోలు మొదటి రోజే దక్కుతాయి. దీనికి డిగ్రీ అక్కర్లేదు, రేపే మొదలుపెట్టండి.

వైకల్య ధ్రువపత్రం (సదరం సర్టిఫికెట్‌), దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) లేకపోతే వెంటనే తీయించండి. రూ.4,016 పింఛనుకు వైకల్య ధ్రువీకరణ తప్పనిసరి. నేషనల్‌ ట్రస్ట్‌ ‘నిరామయ’ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు వస్తాయి, థెరపీలు కూడా అందులో ఉన్నాయి. 18 నిండాక వాడి తరఫున సంతకం పెట్టే హక్కు తల్లిదండ్రులకు దానంతట అది రాదు. కలెక్టర్‌ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు చేసి చట్టబద్ధ సంరక్షకులుగా నియామకం పొందాలి. నాన్నగారు సెలవు మీద వచ్చేదెప్పుడో చూసుకుని ప్లాన్‌ చేసుకోండి.

ఇక మీ చదువు. ఇంటర్‌లో 50 శాతం మార్కులుంటే రెండేళ్ల స్పెషల్‌ డీఈడీకి, డిగ్రీ తర్వాతైతే స్పెషల్‌ బీఈడీకి వెళ్లొచ్చు. తమ్ముడి లాంటి పిల్లల కోసం మేధో, వికాస వైకల్యాల స్పెషలైజేషన్‌ ఉంటుంది. ఈ రంగంలో పెద్ద పేరు సికింద్రాబాద్‌ మనోవికాస్‌ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి సాధికారత కోసం ఏర్పాటైన జాతీయ సంస్థ). 1984లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. ఎక్కడ చేరినా, ఆ ఏడాదికి ఆ కాలేజీకి ఈ కోర్సుల్ని నియంత్రించే రిహాబిలిటేషన్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియా అనుమతి ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. కౌన్సిల్‌లో రిజిస్టర్‌ కాకుండా ఈ వృత్తి చేయడం కుదరదు.

ఉద్యోగాల మాటకొస్తే, 2024 తెలంగాణ డీఎస్సీలో 11,062 పోస్టులుంటే స్పెషల్‌ ఎడ్యుకేషన్‌లో 220 స్కూల్‌ అసిస్టెంట్‌, 796 ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్‌ టీచర్‌) పోస్టులు వచ్చాయి. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక స్పెషల్‌ టీచర్‌ ఉండాలన్నది కేంద్రం నిర్ణయించిన లెక్క. అంటే అవసరం ఉంది. కానీ నోటిఫికేషన్‌ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అప్పటిదాకా చాలా ప్రైవేటు, స్వచ్ఛంద సంస్థల బడుల్లో జీతాలు తక్కువే. ఇది తెలిసి దిగండి.

మీది బైపీసీ కాబట్టి ఇంకో దారీ ఉంది. వినికిడి, మాట సమస్యలకు సంబంధించిన డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీ చేస్తే స్పీచ్‌ థెరపిస్టు అవుతారు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తర్ఫీదునిచ్చే ఆక్యుపేషనల్‌ థెరపీ కూడా చూడొచ్చు. ఆస్పత్రుల్లోనూ సొంత క్లినిక్‌లోనూ ఉపాధి ఉంటుంది, పిల్లలతో పనీ ఉంటుంది.

ఏదైనా సరే, మీకు నచ్చితేనే చదవండి. అక్కగా పుట్టినందుకు జీవితాంతం తమ్ముడికి టీచరుగా ఉండాల్సిన పని లేదు. మీరు కామర్స్‌ చదివినా వాడి అక్కే. చుట్టాల మాటకు భయపడి మానొద్దు, తమ్ముడి మీద జాలితో చేరొద్దు. తేల్చుకోవడానికి ఒక మార్గం చెబుతాను. అడ్మిషన్లు మొదలయ్యేలోగా కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ఒక స్పెషల్‌ స్కూల్లో అనుమతి అడిగి, రెండు వారాలు క్లాసులో కూర్చోండి. మీ తమ్ముడు కాని పిల్లాడు అన్నం విసిరికొట్టినప్పుడు, మూడు రోజులు నేర్పింది నాలుగో రోజు మరిచిపోయినప్పుడు, మళ్లీ మొదటినుంచి చెప్పాలనిపిస్తోందా? అనిపిస్తే దరఖాస్తు చేయండి. లేదంటే బీఏఎస్‌ఎల్‌పీయో, ఇంకేదైనా డిగ్రీయో చూసుకోండి. ఆ రెండు వారాలు ఇంట్లో అమ్మగారి పక్కన ఉండే మనిషిని మాత్రం ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.