పరీక్ష పాసైనా ఆంక్షలెందుకు?

లైసెన్సు చేతికొచ్చాక కూడా కుర్ర డ్రైవర్లకు రాత్రిపూట ఒంటరిగా నడపొద్దు, స్నేహితుల్ని ఎక్కించుకోవద్దు లాంటి షరతులేంటని అడిగారు. బండి తిప్పడం వేరు, ప్రమాదాన్ని ముందే పసిగట్టడం వేరు. రెండోది రోడ్డు మీద తిరిగితేనే వస్తుంది. అందుకే న్యూజిలాండ్ 1987లో లైసెన్సును విడతలుగా ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడ రెండో విడతలో ఉన్నవాళ్లు రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా ఒంటరిగా నడపకూడదు.

చీకటికన్నా పెద్ద చిక్కు పక్కన కూర్చున్న స్నేహితులే. ఒకడు పాట మార్చమంటాడు, ఇంకొకడు “ఓవర్‌టేక్ చెయ్యరా” అంటాడు. చూపు రోడ్డు మీంచి తప్పడానికి అది చాలు.

ఇంగ్లండ్ దారి వేరు. పరీక్ష పాసైన రెండేళ్లలోపు ట్రాఫిక్ తప్పులకు వేసే పెనాల్టీ పాయింట్లు 6 పడితే లైసెన్సు రద్దు. థియరీతో సహా పరీక్షలన్నీ మళ్లీ రాయాల్సిందే. నాకైతే న్యూజిలాండ్ పద్ధతే నచ్చుతుంది. నిబంధనలు మారినప్పుడు మాత్రం, పాత లైసెన్సులకూ వర్తిస్తాయా అన్నది ముందు చూసుకోండి.